దబ్బనం, లక్క ముద్ర, పదమూడు అక్షరాల నంబరు

పార్శిల్ అంటే ఇప్పటి పిల్లలకి అట్టపెట్టె, దాని చుట్టూ గోధుమరంగు టేపు. నెల్లూరు, ఒంగోలు వైపు యాభై దాటినవాళ్లకి మాత్రం ముందు తెల్లగుడ్డ కళ్లముందుకొస్తుంది. గంజి పోని కోరా గుడ్డ, దబ్బనం, గట్టి దారం, ఒక లక్క పుల్ల. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి ఇంట్లో లేకపోయినా పార్శిల్ పని మర్నాటికి పడేది. గుడ్డల కొట్టువాడు ఎన్ని గజాలని అడిగేవాడు కాదు. "పార్శిలుకా అబ్బయా?" అని, పెట్టె ఎంతుందో చేతుల్తో చూపించమని, తనే సరిపడా చింపి ఇచ్చేవాడు.

గుడ్డే ఎందుకంటే దానికో లెక్కుంది. అట్టపెట్టె తపాలా సంచిలో పదింటి కింద పడి నలిగితే మూల పగులుతుంది. కాగితం తడిస్తే చిరుగుతుంది. బిగించి కుట్టిన గుడ్డ ఎంత నలిగినా లోపలి సరుకుని బయటికి పోనివ్వదు. పైగా దారిలో ఎవరైనా కుట్టు విప్పి మళ్లీ కుడితే పాత సూది రంధ్రాలే పట్టిచ్చేస్తాయి. టేపుకి ఆ గుణం లేదు. ఒక వరస పీకి దానిమీదే ఇంకో వరస వేస్తే దేవుడికి కూడా తెలీదు.

కుట్టడం కూడా అందరికీ వచ్చే పని కాదు. పెట్టె చుట్టుకొలత కంటే నాలుగు వేళ్లు ఎక్కువ గుడ్డ తీసుకోవాలి. అంచుని లోపలికి మడిచి, మడత మీద మడత ఆనించి కుట్టాలి. చింపిన అంచు బయటికుంటే పోగులు ఊడిపోయి, రెండు చేతులు మారేసరికి కుట్టు వదులౌతుంది. రెండు చివర్లా కవరు మూసినట్టు కోణాలుగా మడిచి ముందు పక్కల్ని, ఆ తర్వాత పైమూతని కుట్టాలి. కుట్టుకీ కుట్టుకీ మధ్య గోరంత ఎడం. మొదటి ముడి గుడ్డ లోపల దాగుండాలి, చివర్లో దారాన్ని వచ్చిన దారినే నాలుగు కుట్లు వెనక్కి తెచ్చి తెంపాలి. నడిమధ్యలో ముడి కనబడితే కౌంటర్లో గుమస్తా అక్కడ వేలు పెట్టి లాగి చూసేవాడు. కోప్పడేవాడు కూడా.

ఇన్సూర్ చేసిన పార్శిలైతే కుట్టు పొడవునా లక్క ముద్రలు పడాలి. ముద్రలన్నీ ఒకే రకం లక్కతో, ఒకే సొంత గుర్తుతో ఉండాలి. రూపాయి బిళ్ల అదిమితే చెల్లదు, ఉత్తి అడ్డగీతలున్న ముద్రా చెల్లదు, ఎందుకంటే అవి ఎవరి దగ్గరైనా ఉంటాయి. అందుకే ఇంటిపేరు మొదటి అక్షరం చెక్కించిన ఇత్తడి ముద్రలు కొన్ని ఇళ్లలో తాళాల గుత్తితో పాటు ఉండేవి. బంగారం కొట్లవాళ్లకీ, చీరల వ్యాపారులకీ అయితే అది పెట్టుబడి కింద లెక్క.

లక్క కాల్చడం చూడ్డానికి తేలిక. పుల్లని నేరుగా మంటలో పెడితే మసి పట్టి నల్లగా బొట్లు రాలతాయి, ఆ ముద్ర గట్టిగా అంటదు. మంట పక్కన పట్టుకుని తిప్పుతూ ఉంటే మెత్తబడి తేనెలా సాగుతుంది. దాన్ని కుట్టు మీద అద్ది, గుండ్రంగా తిప్పి, దారం లక్కలో మునిగిందో లేదో చూసుకోవాలి. ముద్రని నీళ్లలో ముంచి నొక్కాలి. పొడి ఇత్తడి లక్కని పట్టుకుని ఊడొచ్చేస్తుంది. పది అంకెలు లెక్కపెట్టి నిలువునా పైకి లాగాలి. పక్కకి లాగితే అక్షరం చెదురుతుంది, అక్షరం చెదిరిన ముద్ర ఉన్నా లేనట్టే. పల్చగా పోసిన లక్క సంచిలో ఒత్తిడికి పెచ్చులుగా రాలిపోతుంది. అందుచేత శనగబద్దంత మందం ఉండాలనేవాళ్లు.

మన వైపు నుంచి పోయేవేంటంటే, వెంకటగిరి చీరలు, చీరాల బట్టలు, ఉదయగిరి కొయ్య గరిటెలు, సంక్రాంతి అరిసెలు, ఎండాకాలం ఆవకాయ. ఉత్తరాదిలో ఉద్యోగానికి పోయిన కొడుక్కి అక్కడి బియ్యం పడకపోతే మొలగొలుకులు కూడా పోయేవి. బియ్యం పార్శిల్‌కి ఒక చిక్కుంది. గుడ్డ ఎంత దగ్గరగా కుట్టినా సూది రంధ్రం వెంట గింజ జారుతుంది, ఒక గింజ జారితే దాని వెనక దండంతా బయల్దేరుతుంది. లోపల ఇంకో సన్నని బట్టసంచి, దాని మూతి మడిచి కట్టి, ఆ మీద బయటి గుడ్డ వేయాలి. చీరకి తడి భయం. పల్చని కాగితం, ఆపైన పాలిథిన్, ఆపైన అట్ట, చివర గుడ్డ. దబ్బనం చీరకి తగలకుండా అట్ట అడ్డం ఉండాల్సిందే. జరీ అంచు మడత మీదకి రాకుండా మడవాలి, వస్తే వారం రోజుల ఒత్తిడికి అక్కడ గీత పడిపోతుంది.

ఆవకాయ సంగతి వేరే. పచ్చడి కాదు ఇబ్బంది, దానిమీద తేలే నూనె. తపాలా నిబంధనల్లో ద్రవపదార్థానికి ఇప్పటికీ ఒకటే సూత్రం: గాలి చొరకుండా మూసిన డబ్బా, దాన్ని పెట్టడానికి ఇంకో పెట్టె, రెంటి మధ్యా కారినదాన్ని పీల్చుకునే రంపపుపొట్టో తవుడో. మనవాళ్లు ఈ సూత్రం చదవకుండానే పాటించారు. కలిపిన ఆవకాయని మూడో రోజు తిరగగలిపి, నూనె తేరాక పైనూనె కొంత వంచేసి, డాల్డా డబ్బాలో మెడ కిందికి నింపి, మూతకి మాటు పెట్టించేవాళ్లు. మాటు పెట్టేవాడి దగ్గరికి డబ్బా పోయేముందు అంచుకి నూనె చుక్క అంటకుండా తుడవాలి, నూనె మీద సీసం నిలవదు. డబ్బా నిండా నింపితే కూడా తప్పే. వేసవిలో వేడికి లోపల పొంగి మాటు వదిలేస్తుంది. ఇప్పుడు పచ్చళ్ల కొట్లలో మిషన్‌తో సీలేసిన ప్యాకెట్లు వచ్చాక ఈ బాధ లేదు గానీ, ఇంట్లో కలిపింది పంపాలంటే ఇప్పటికీ రెండు కవర్లు, మధ్యలో పాత వార్తాపత్రికల పొట్లం, బయట గట్టి ప్లాస్టిక్ డబ్బా. ఒక్క ప్యాకెట్ కారితే సంచిలోని ఇరవైమంది ఉత్తరాలు ఎర్రబడతాయి. అందుకే ఊరగాయ వాసన తగిలితే కౌంటర్లో మొహం చిట్లిస్తారు, తప్పు వాళ్లది కాదు.

అడ్రసు రాయడానికి కాపీయింగ్ పెన్సిలుండేది. గుడ్డని ఆ మేర కాస్త తడిచేసి రాస్తే అక్షరం ఊదారంగులోకి తిరిగి పోగుల్లోకి దిగేది. బాల్‌పెన్ను గుడ్డ మీద నడవదు, సిరా పాకుతుంది. తర్వాత స్కెచ్ పెన్నులొచ్చాయి, మొదటి వానకి అడ్రసు మొత్తం రంగు మరకగా మారిన పార్శిళ్లు కూడా వచ్చాయి. ఏది వాడినా తెలిసినవాళ్లు చేసే పని ఒకటుంది: పంపేవాళ్ల, అందుకునేవాళ్ల చిరునామాలు రెండూ ఒక చీటీ మీద రాసి లోపల సరుకు మీదే పెట్టడం. పై అడ్రసు పోయి, పంపినవాళ్లెవరో కూడా తెలియని పార్శిల్ చివరికి రిటర్న్ లెటర్ ఆఫీసుకి చేరుతుంది. ఒకప్పుడు దాని పేరు డెడ్ లెటర్ ఆఫీసు. అక్కడ విప్పి చూసినప్పుడు ఆ చీటీ ఒక్కటే దిక్కు. ఈ సలహా గుడ్డ కాలానిదే అయినా అట్టపెట్టె కాలానికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, అంటించిన కాగితం ఊడినంత తేలిగ్గా గుడ్డ మీది రాత పోదు కదా.

తూకం దగ్గర అసలు నాటకం జరిగేది. చాలా ఏళ్లపాటు పార్శిల్‌కి దేశంలో ఎక్కడికైనా ఒకటే రేటు, మొదటి 500 గ్రాములకి 19 రూపాయలు, ఆపైన ప్రతి 500 గ్రాములకీ 16. రిజిస్ట్రేషన్‌కి 17. నాలుగు కేజీలు దాటితే రిజిస్టర్ చేసి తీరాల్సొచ్చేది. అంటే 3 కేజీల పార్శిల్‌కి 99, రిజిస్ట్రేషన్‌తో 116. అదే 3 కేజీల 20 గ్రాములైతే ఇంకో 16. పెద్ద మనసున్న గుమస్తా అయితే కట్టిన పురికొస వైపు చూసి, "ఆ తాడు నాలుగు చుట్లెందుకు నాయనా, రెండు తీసెయ్, పదహారు మిగిలిద్ది" అనేవాడు. తీసేసిన తాడు జేబులో పెట్టుకుని పోయేవాళ్లు జనం. పల్లె బ్రాంచి ఆఫీసులో 10 కేజీల వరకే తీసుకునేవాళ్లు, 20 కేజీల దాకా పంపాలంటే పైఆఫీసుకి మోసుకురావాల్సొచ్చేది.

వి.పి.పి. గురించి ఒక్క మాట. వారపత్రికల చివరి పేజీల్లో "వి.పి.పి. ద్వారా పంపబడును" అన్న వాక్యం చదివి వాచీలు, మూలికల నూనెలు తెప్పించుకోని ఊరు మన దగ్గర లేదు. సరుకు ఇచ్చి డబ్బు వసూలు చేసి, ఆ డబ్బుని మనియార్డరుగా పంపినవాడికి చేర్చే ఏర్పాటు అది, 1877 నుంచీ ఉంది. పార్శిల్ ఆఫీసులో 7 రోజులుంటుంది, ఆలోగా డబ్బు కట్టి తీసుకోకపోతే వెనక్కి. సరదాకి ఉత్తరం రాసి, తీరా వచ్చాక మొహం చాటేసేవాళ్ల వల్ల చిన్న వ్యాపారులు రాను పోను ఖర్చుతో నష్టపోయారు. మామూలు మనియార్డరు 2015 ఏప్రిల్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీ అని కొత్తగా చెప్పుకునేది అదే చెట్టు కొమ్మ.

ఇక ట్రాకింగ్. నంబరు కొట్టి ఫోన్లో చూసుకోవడం కొత్త కావచ్చుగానీ, పార్శిల్ ఎక్కడుందో తెలుసుకునే ఏర్పాటు ముందునుంచీ ఉంది, కాకపోతే అది కాగితం మీదుండేది. బుక్ చేసిన ప్రతి రిజిస్టర్డ్ పార్శిల్ మీద ఆఫీసు పేరు, వరుస నంబరు ఉన్న చిన్న ఆర్ లేబుల్ అంటించేవాళ్లు. సంచిలో వేసేముందు ఆ నంబరు ఒక జాబితాలోకి ఎక్కుతుంది. జాబితా సంచిలోనే పోతుంది, నకలు ఆఫీసులో ఉంటుంది. సంచి మూతి పురికొసతో కట్టి, చీటీ తగిలించి, లక్క ముద్ర వేస్తారు. అవతలి ఆఫీసు ముందు ముద్ర చూస్తుంది, తర్వాత సంచి విప్పి జాబితాలోని ఒక్కో నంబరుకీ ఒక్కో పార్శిల్‌ని సరిచూసి ముద్ర కొడుతుంది. పార్శిల్ పోయిందని ఎవరైనా రసీదు పట్టుకొస్తే ఆ రోజు జాబితా తీసి, ఏ సంచిలో, ఎక్కడికి పంపారో చూసి, అక్కడికి కాగితం రాసేవాళ్లు. వాళ్లు తమ జాబితా చూసి ముందాఫీసుకి రాసేవాళ్లు. జాడ దొరకడానికి నెల పట్టేది. ఫలానా ఆఫీసు అందుకుంది, ముందుకి ఇచ్చినట్టు సంతకం లేదు అన్నచోట వెతుకులాట ఆగేది. బాధ్యత ఎవరి మీద పడుతుందో ఆ సంతకం చెప్పేది.

ఇందులో అప్పుడూ ఇప్పుడూ మారనిది ఒకటుంది, ట్రాకింగ్ చూసి కంగారుపడే వాళ్లందరూ తెలుసుకోవాల్సింది కూడా అదే. ప్రయాణం చేసేది సంచి. పార్శిల్ సంచి లోపల ఉంటుంది. సంచి మూసిన క్షణం నుంచి మళ్లీ విప్పే క్షణం దాకా పార్శిల్ విడిగా ఎవరికీ కనిపించదు, అప్పుడు జాబితాకి కనిపించనట్టే ఇప్పుడు బార్‌కోడ్ రీడర్‌కీ కనిపించదు. మూడు రోజులుగా స్క్రీన్ మీద ఒకటే లైనుంటే పార్శిల్ పోయినట్టు కాదు, సంచి ఇంకా విప్పలేదని.

సంచులు నడిచే దారి కూడా మన నెల్లూరు, ప్రకాశం వైపు తమాషాగా ఉంటుంది. సూళ్లూరుపేట, గూడూరు, నెల్లూరు, కావలి, ఒంగోలు అన్నీ మద్రాసు–హౌరా రైలు మార్గం మీదున్నవి. రాత్రిపూట రైల్లో ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీస్) పెట్టెలోనే గూళ్లు కట్టుకుని ఉత్తరాలు వేరుచేసేవాళ్లు, స్టేషన్ వచ్చేసరికి ఆ ఊరి సంచి తయారు. ఉదయగిరి, కనిగిరి, పామూరు, పొదిలికి బస్సే గతి. సంచిని డ్రైవరు పక్కన పడేసి తీసుకుపోయే బస్సుకి మెయిల్ బస్సని పేరు. ఆ బస్సు తప్పితే ఊరంతటికీ ఒక రోజు ఆలస్యం. మార్కాపురం, కంభం, గిద్దలూరు మళ్లీ గుంటూరు–గుంతకల్లు లైను మీదున్నాయి. ఒకే జిల్లాగా ఉన్న రోజుల్లో కూడా ఒంగోలు నుంచి మార్కాపురానికి పార్శిల్ పోవడమంటే రెండు రైలు దారుల మధ్య వ్యవహారం. తపాలా శాఖకి కూడా అవి రెండు డివిజన్లు, ప్రకాశం ఒకటి, మార్కాపురం ఒకటి. ఇప్పుడు సార్టింగ్ హబ్బులొచ్చాక ఈ తమాషా ఇంకో రకంగా కనిపిస్తుంది. పక్క ఊరికి వేసిన పార్శిల్ ముందు హబ్బుకి వెళ్లి, అక్కడ వేరుపడి, మళ్లీ వెనక్కి వస్తుంది. "ఇదేంది, ఎదురూరికి పంపితే విజయవాడ చూపిస్తా ఉంది" అని గోల పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఏ ఊరికా ఊరు విడిగా సంచి కట్టేంత సరుకు అన్ని ఆఫీసుల్లో ఉండదు. గంప ఎత్తాలంటే నిండాలి కదా.

స్పీడ్ పోస్ట్ 1986 ఆగస్టు 1న మొదలైంది. దానితో పాటు మనకి అలవాటైంది పదమూడు అక్షరాల నంబరు: ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర ఐ, ఎన్. మొదటి అక్షరం ఇ అయితే స్పీడ్ పోస్ట్, ఆర్ అయితే రిజిస్టర్. ఐ, ఎన్ అంటే ఇండియా. తొమ్మిది అంకెల్లో చివరిది మాత్రం వరుస నంబరులోది కాదు, తప్పు పట్టుకునే కాపలా అంకె. అది ఎలా వస్తుందో తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. మొదటి ఎనిమిది అంకెల్నీ వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడాలి. మొత్తాన్ని 11తో భాగించి, మిగిలిన శేషాన్ని 11లోంచి తీసేస్తే వచ్చేదే తొమ్మిదో అంకె. 10 వస్తే 0, 11 వస్తే 5 అనుకోవాలి. ఉదాహరణకి 12345678 తీసుకుంటే 8, 12, 12, 8, 15, 30, 63, 56 కలిపి 204. 11తో భాగిస్తే 6 మిగులుతుంది, 11లోంచి 6 పోతే 5. అంటే నంబరు 123456785. ఎవరైనా ఫోన్లో చెప్పిన నంబరు కొడితే వివరాలు లేవని వచ్చినప్పుడు ముందు ఈ లెక్క వేసి చూడండి. లెక్క కుదరకపోతే పార్శిల్ ఎక్కడికీ పోలేదు, అంకె రాసుకోవడంలో పోయింది. సున్నా బదులు ఓ అనే అక్షరం కొట్టడం ఇంకో మామూలు పొరపాటు. నంబరు సరైందే అయినా బుక్ చేసిన సాయంత్రం దాకా ఏమీ కనబడకపోవచ్చు, పల్లెటూరి బ్రాంచిలో ఇచ్చినవైతే మరీను. అక్కడి చిన్న యంత్రం నెట్‌వర్క్ అందాకే లెక్కలు పైకి పంపుతుంది.

పిన్ కోడ్ దగ్గర జరిగే పొరపాట్లు మన వైపు ప్రత్యేకం. పిన్ 1972 ఆగస్టు 15న వచ్చింది, ఒంగోలు జిల్లాకి ప్రకాశం అని పేరొచ్చింది కూడా ఆ ఏడాదే. మొదటి మూడంకెలు వేరుచేసే జిల్లాని, చివరి మూడూ ఆఫీసునీ చెబుతాయి. నెల్లూరు 524001, ఒంగోలు 523001. ఒంగోలుకి రాసేటప్పుడు రెండూ మూడూ తారుమారై 532001 అయ్యిందంటే పార్శిల్ శ్రీకాకుళం చూసి వస్తుంది. ఊరి పేరు ఒంగోలు అని స్పష్టంగా ఉన్నా సరే, హబ్బులో చేతులు నడిచేది అంకెల వెంటే. కోవూరుది ఇంకో కథ. మన కోవూరు 524137, గోదావరి ఒడ్డు కొవ్వూరు 534350. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక అక్షరం ఎక్కువైతే నది మారిపోతుంది. ఆత్మకూరు మనకీ ఉంది, కర్నూలు వైపూ ఉంది. గూడూరు కూడా అంతే. జిల్లాలు విడదీసిన 2022 ఏప్రిల్ తర్వాత కొత్త గందరగోళం మొదలైంది. కందుకూరు నెల్లూరులోకి, చీరాల బాపట్లలోకి, గూడూరు, వెంకటగిరి తిరుపతిలోకి పోయాయి. జిల్లా పేరు మారిందని పిన్ కూడా మారుంటుందనుకుని జనం తోచిన అంకెలు రాశారు. కందుకూరు అప్పుడూ 523105, గూడూరు అప్పుడూ 524101. సర్కారు జిల్లాల గీతలు ఎటు జరిపినా పిన్ తపాలా దారిని బట్టి ఉంటుంది.

స్క్రీన్ మీద వచ్చే మాటలకి అర్థాలు కూడా చెప్పుకోవాలి. బుక్డ్ అంటే డబ్బు కట్టారు, అంతే. బ్యాగ్డ్ అంటే సంచిలో వేశారు, సంచి ఇంకా ఆ ఆఫీసు గడప దాటకపోయి ఉండొచ్చు. డిస్పాచ్డ్ అంటే సంచి బయల్దేరింది. రిసీవ్డ్ రెండు రకాలు, సంచి అందడం ఒకటి, సంచి విప్పి పార్శిల్ చూడటం ఇంకొకటి. ఈ రెంటి మధ్యా పండగ రోజుల్లో ఒకటి రెండు రోజులు పడుతుంది. అవుట్ ఫర్ డెలివరీ అన్నది పోస్ట్‌మేన్ పేరుమీద రాసినప్పుడు పడుతుంది, ఆయన మీ వీధికి వచ్చినప్పుడు కాదు. డోర్ లాక్డ్ అంటే తాళం. ఇంటిమేషన్ సర్వ్డ్ అంటే చీటీ ఇచ్చారు, మీరే వెళ్లి తెచ్చుకోవాలి, అక్కడి నుంచి 7 రోజుల గడువు నడుస్తుంది. అడ్రెసీ కెనాట్ బి లొకేటెడ్, అంటే అందుకోవాల్సిన మనిషి దొరకలేదు అని వస్తే మాత్రం ఆ రోజే కదలాలి. మరుసటి రోజుకి వెనక్కి సంచి కట్టేస్తే ఆపడం కష్టం. అక్కడ స్క్రీన్ మీద కనిపించే ఆఫీసు పేరు చూసి నేరుగా వెళ్లడమే మంచి పద్ధతి, తపాలా శాఖ ఫోన్ 1800 266 6868కి చేసి పార్శిల్ నంబరు నమోదు చేయించడం రెండో పద్ధతి.

వాన, వరద ఎవరి చేతిలోనూ లేవు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయినప్పుడు, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగినప్పుడు ఆ దారిన పోవాల్సిన రైళ్లూ లారీలూ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ట్రాకింగ్‌లో వరద అని రాయదు. అదే డిస్పాచ్డ్ అన్న పాత లైను అలా నిలబడి ఉంటుంది. అలాంటప్పుడు ఫిర్యాదు నమోదు చేసేకంటే వార్తలు చూడటం నయం.

నష్టపరిహారం గురించి తెలిస్తే చాలామంది ఇన్సూరెన్స్ మానరు. రిజిస్టర్ చేసింది పోతే శాఖ ఇచ్చేది 100 రూపాయలే ఉండేది. స్పీడ్ పోస్ట్‌లో పోతే కట్టిన చార్జీకి రెట్టింపో 1000 రూపాయలో, రెండింట్లో ఏది తక్కువైతే అది. పన్నెండు వేల వెంకటగిరి చీరని నూట పాతిక కట్టి పంపితే, పోయిననాడు చేతికొచ్చేది రెండొందల యాభై. పాత చీరల వ్యాపారులు ఇత్తడి ముద్రలు చెక్కించుకుంది ఊరికే కాదు.

2025 నుంచి రిజిస్టర్డ్ పోస్ట్ విడిగా లేదు, స్పీడ్ పోస్ట్‌లో కలిసింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి కొత్త రేట్లు: 50 గ్రాముల లోపు కవరుకి ఊళ్లోనే అయితే 19, బయటికైతే 47. చేతికే ఇవ్వాలంటే రిజిస్ట్రేషన్‌కి ఇంకో 5, ఓటీపీ చెప్పాకే ఇవ్వాలంటే 5, వీటి మీద జీఎస్టీ. 20 గ్రాముల కాగితం అంతకుముందు రిజిస్టర్‌లో 22 రూపాయలకి దేశంలో ఎక్కడికైనా పోయేది, ఇంకో 3 ఇస్తే అందినట్టు సంతకంతో ఏడీ కార్డు తిరిగొచ్చేది. ఇప్పుడు అదే కాగితానికి రిజిస్ట్రేషన్‌తో కలిపి 61 దాకా అవుతోంది. వేగం పెరిగింది, నిజమే. కోర్టు నోటీసులు పంపుకునే చిన్నకారు రైతుకి వేగం కంటే ఆ కార్డు మీద వంకర సంతకమే కావాలి. కార్డు రెండు వారాలకి వచ్చినా దాన్ని బియ్యం డబ్బాలో దాచుకుని పదేళ్ల తర్వాత తీసి చూపించేవాళ్లున్నారు. పుస్తకాలు పంపేవాళ్లకి మాత్రం ఆ ఏడాదే మేలు జరిగింది. మే 1న జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, 300 గ్రాములకి 20 రూపాయల నుంచి 5 కేజీలకి 100 దాకా.

విదేశాలకి పంపేవాళ్లు కస్టమ్స్ ఫారంలో "తినుబండారాలు" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఆ పెట్టెని విప్పి చూస్తారు. సున్నుండలు ఇన్ని గ్రాములు, కారప్పొడి ఇన్ని గ్రాములు, విలువ ఇంత అని విడివిడిగా రాయాలి. 2025 ఆగస్టు 25 నుంచి అక్టోబరు 15 దాకా అమెరికాకి తపాలా పార్శిళ్లు ఆగిపోయినప్పుడు దసరా పిండివంటలు చాలా ఇళ్లలో ఇక్కడే తినాల్సొచ్చింది.

చివరగా రసీదు. పాత రసీదు చేత్తో రాసింది, గుండ్రటి తేదీ ముద్రతో ఉండేది, ముప్పై ఏళ్లనాటివి ఇప్పటికీ చదవొచ్చు. బ్రాంచి ఆఫీసు యంత్రంలోంచి వచ్చే సన్నకాగితం వేడికి అక్షరాలు పడే రకం. చొక్కా జేబులో చెమటకి, బైకు డిక్కీలో ఎండకి రెండు నెలల్లో తెల్లబడిపోతుంది. కౌంటర్ దగ్గర ఉండగానే ఫోటో తీసుకోండి. అందులో నంబరు, పిన్, బరువు మూడూ కనిపిస్తున్నాయో లేదో అక్కడే చూసుకోండి. పిన్ తప్పు పడిందని సంచి కట్టకముందు చెబితే రెండు నిమిషాల్లో దిద్దుతారు.